గుర్రంమెట్ట మొక్కు

మా కొండనడక సంఘానికి అధ్యక్షుడు ఉమాశంకర్. ఆమదాలవలస స్టేషను రోడ్డులో మందుల షాపు ఆయనది. కొండెక్కేటప్పుడు మెడలో ఈల వేసుకుని నడుస్తారు. హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని నేను, ఈల ఊదేది ఆయన. ఈ అన్యాయం గురించి మొదలుపెడితే కథ ముందుకు కదలదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఈసారి గాంధీ జయంతి శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలిపితే మాలాంటివాళ్లకి పండగే. ఉమాశంకర్ గారు అరకు అన్నారు. కొత్తవలస వెళ్లి కిరండూల్ బండెక్కితే సొరంగాలు చూసుకుంటూ పోవచ్చునట, పైన బొంగు చికెన్, కాఫీ ఉంటాయట.

"మనది నడిచే సంఘమా, తినే సంఘమా?" అన్నాను.

"మరి నువ్వే చెప్పమ్మా అరుణశ్రీ, ఎక్కడికెళ్దామో."

"మా మావ కొండకి," అన్నాను.

మా మావ గంగరాజు మా అమ్మకి అన్న. కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డు పల్లె వాళ్లది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ వేటే. కిందటేడు వానాకాలంలో కొడుకు నవీన్‌తో వేటకెళ్లినప్పుడు గాలి తిరగబడింది, ఇంజను ఆగిపోయింది. తెల్లారేసరికి ఎక్కడున్నారో ఇద్దరికీ తెలియలేదు. అప్పుడు పడమటి వైపు మబ్బు విడి గుర్రంమెట్ట కనిపించిందట. "తల్లీ, మమ్మల్ని ఒడ్డుకి సేర్సు, నీ మీదికెక్కి కొబ్బరికాయ కొడతాను," అని మావ మొక్కుకున్నాడు. ఆ కొండనే చూసుకుంటూ తెడ్లు వేసుకుని వచ్చి పడ్డారు.

వచ్చాక మొక్కు తీర్చలేదు. తీర్చాలంటే ఆ కొండ ఎక్కడుందో తెలియాలి కదా. గుర్రంమెట్ట సముద్రం మీంచే కనిపిస్తుంది. ఒడ్డు మీదికి వస్తే సరుగుడు తోటలు, తాటి వనాలు అడ్డం. దాన్ని చూసి వేటకెళ్లే వాళ్లంతా దాని పేరు తెలిసినవాళ్లే గానీ, దాని దగ్గరికి వెళ్లినవాడు పల్లెలో ఒక్కడూ లేడు.

దానికి తోడు మావ మోకాలు అరిగిపోయింది. ఇవన్నీ చూసి కూర్మమ్మత్త ఒక శాసనం చేసింది. "ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, ఒడ్డుకొచ్చి మొక్కు మరిసిపోనావు. అది తీరేదాకా నువ్వు పడవెక్కడానికి నేదు," అంది. ఆ మాట పల్లెలో పాకింది. తీరని మొక్కున్న మనిషిని పడవలోకి ఎవరు రానిస్తారు? సొంత కొడుకే ఎక్కించుకోవడం మానేశాడు. అప్పట్నుంచీ మావ ఊరందరి వలలూ బాగుచేస్తూ, ఒడ్డున కూర్చుని ఎవరి పడవ ఎప్పుడొచ్చిందో చెబుతూ బతుకుతున్నాడు. కిందటి నెల నేను వెళ్తే ఇంటి వెనక కోళ్లకి నూకలు వేస్తున్నాడు. ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఒలే అరుణా, మీరు కొండలెక్కుతారు గదా. నన్నో కొండెక్కించండే. మళ్లీ ఏటకెళ్లాలి నాను. ఇలగైతే సచ్చిపోతాను," అన్నాడు.

ఇదంతా నేను సంఘంలో చెప్పాక అరకు మాట ఎవరూ ఎత్తలేదు. మాలో పెద్దాయన నారాయణమూర్తి గారు, వరి రైతు, "దూరపు కొండలు నునుపంటారు. ఎంత నునుపో దగ్గరికెళ్లి సూద్దారి," అన్నారు. నవీన్ పడవలోంచి తీసిన ఫొటో ఒకటి పంపాడు. నీలంగా, మసగ్గా, గుర్రం పడుకుని తలెత్తినట్టే ఉంది. పొడుగాటి వీపు, దాని చివర ఉత్తరం వైపు తల, తల మీద రెండు చెవులు. ఉమాశంకర్ గారు దాన్ని ఫోనులో మ్యాపు పక్కన పెట్టుకుని చూసి చూసి, ఇది సీతంపేట దాటాక ఉన్న పెద్దకొండే అని తేల్చారు. డాక్టర్ల రాత చదివిన కళ్లు, ఏదైనా పోల్చేస్తాయి అనుకున్నాం.

శుక్రవారం పాలకొండ మీదుగా సీతంపేట చేరాం. మావ పొందూరు పంచె కట్టుకుని వచ్చాడు. మొక్కు కోసం అత్త కొత్తది కొని కట్టబెట్టిందట. కొబ్బరికాయ తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. సంచిలో వేసుకోమంటే వినలేదు. బస్సులో నిద్రపోయినా కాయ మాత్రం వదల్లేదు.

సాయంత్రం సంతలో సీతాఫలాలు అమ్ముతున్న ఒకామెను గుర్రంమెట్ట ఎక్కడని అడిగాం.

"గుర్రాలేటి బాబూ, ఈ కొండల్లో ఎలుగ్గొడ్లున్నాయి. గుర్రాలు నేవు," అంది.

అందరం నవ్వాం. మావ నవ్వలేదు. ఇంకో ఇద్దర్ని అడిగాడు. వాళ్లూ ఆ పేరు వినలేదన్నారు. "ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుంటుంది లెండి," అని ఉమాశంకర్ గారు సర్దిచెప్పారు.

శనివారం పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. జీడితోటలు దాటేదాకా బాట బాగానే ఉంది. ఆ పైన వానలకి కోసుకుపోయి రాళ్లు తేలాయి. మావ కర్ర పట్టుకుని, మోకాలికి గుడ్డ బిగించి, ఒక్కో అడుగూ అడిగి వేస్తున్నట్టు వేస్తున్నాడు. వెనకబడ్డవాళ్ల కోసం ఉమాశంకర్ గారు ఈల ఊదుతారు. అది ఆయన నియమం. ఆ రోజు ఈల ఆగితే ఒట్టు.

"ఇంకోసారి ఊదారంటే ఆ ఈల మింగిస్తాను," అన్నాను. ఆయన నా ముఖం చూసి ఊదడం మానేశారు.

మావ ఎక్కాడు. నిటారు చోట్ల ముగ్గురు నలుగురం రెక్కలు పట్టుకున్నా, ఎలా ఎక్కాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. పైకి రాగానే అందరం చప్పట్లు కొట్టాం. నారాయణమూర్తి గారు రాతి మీద ఆకులు తుడిచి, కాయ కొట్టడానికి చోటు కూడా చూసి పెట్టారు. మావ అటు చూడలేదు. చుట్టూ చూస్తున్నాడు.

"తల ఏదీ?" అన్నాడు.

"ఏ తల?" అన్నారు ఉమాశంకర్ గారు.

"గుర్రం తల బాబూ. ఇది ఈపు. ఈపని నాకు తెలుస్తంది, ఈ వంపు నాకు తెలీదేటి? తల ఉత్తరం కాసి ఉండాలి."

ఉత్తరాన లోయ ఉంది, లోయకి అవతల అడవి. ఏ తలా లేదు. ఉమాశంకర్ గారు ఫోను తీసి, ఫొటో చూసి, ఉత్తరం చూసి, మళ్లీ ఫొటో చూశారు. ఆయన ముఖం మాడిపోయింది.

"గంగరాజు గారూ, కొండ కొండే కదండీ. ఇంత కష్టపడి ఎక్కారు. ఇక్కడే కొట్టేయండి, దండం పెట్టుకుని దిగిపోదాం."

"అలగెలగ బాబూ? ఒకలికి మొక్కి ఇంకొకలికి కొడతామేటి?"

నాకు ఒళ్లు మండింది. ముగ్గురు నలుగురు రెక్కలు పట్టుకుని లాక్కొచ్చిన మనిషి పైకొచ్చి తల లేదంటాడా? "మావా, నీకు తల కావాలా, తోక కావాలా? అత్తకి ఏమని చెప్పమంటావు? కొట్టేయ్ కాయ!" అని అరిచాను. మావ నా మాట విననట్టే కర్ర పొడుచుకుంటూ తూర్పు అంచుకి వెళ్లిపోయాడు.

వానలు వెలిసిన ఆకాశం, గాలి శుభ్రంగా ఉంది. కింద పచ్చటి వరిచేలు, ఊళ్లు, చెరువులు, చాలా దూరంలో సముద్రం సన్నటి గీతలా ఉంది. ఆ గీతకి కాస్త ఇవతల, చేల మధ్య, ఒంటరిగా ఒక చిన్న మెట్ట. మావ దాన్నే చూస్తున్నాడు. కుడివైపు నాలుగడుగులు జరిగి చూశాడు. ఎడమవైపు జరిగి చూశాడు. తరవాత చిన్నగా కింద కూర్చున్నాడు.

నేను భయపడి పరిగెత్తాను. "మావా, మోకాలా?"

"కాదే. ఆ సిన్నమెట్ట సూడు. దాని మీద రెండు బండలున్నాయి, సూసినావా? అవి సెవులు."

"గుర్రం చెవులా? అదెక్కడ, మనమెక్కడ? మధ్యలో ఎన్ని ఊళ్లున్నాయో చూడు."

మావ ఎడమచేతి పిడికిలి దూరంగా చాపాడు. కుడిచేతి పిడికిలి దానికి ముందు, కళ్లకి దగ్గరగా తెచ్చి, మెల్లగా జరిపి జరిపి దాని పక్కకి చేర్చాడు. రెండూ కలిసి ఒకటే అయ్యాయి. "సంద్రం మీంచి సూస్తే ఇలగ," అన్నాడు.

వేటకెళ్లేవాళ్లు నీళ్ల మీద చోటు గుర్తుపెట్టుకునే పద్ధతి అదే. ఒడ్డు మీద దగ్గరి వస్తువొకటి, దాని వెనక దూరపు వస్తువొకటి చూసుకుంటారు. తాటిచెట్టు లైట్‌హౌసు ముందుకి వచ్చి నిలబడిందంటే పడవ ఆ వరసలో ఉన్నట్టు. మావ చిన్నప్పట్నుంచీ చేసిన పనే అది. కానీ గుర్రంమెట్ట కూడా అలాంటిదేనని, చిన్నమెట్ట తలగా, పెద్దకొండ వీపుగా ఒక్క చోటునుంచే కలుస్తాయని, ఆయనకే కాదు, వాళ్ల నాయనకీ తాతకీ తట్టలేదు. దాన్ని ముక్కలుగా చూడాలని ఎవరికి అనిపిస్తుంది? అది దేవత.

"పడవ పక్కకి జారితే గుర్రం తల దించేస్తాది," అన్నాడు మావ. "ఇంకా జారితే తల కనబడదు. ఏటి నాయనా అనడిగితే, గుర్రం మేతకెల్లిందిరా, మనం సోటు తప్పినాం అనేవోడు మా నాయన. మేతకెల్లిందనే అనుకున్నాను నాను, ఇన్నేళ్లూ." పిడికిళ్లు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "మా తాత దండమెట్టినాడు. మా నాయనెట్టినాడు. నా పేణం, నా కొడుకు పేణం కాసిందది. అది నేదు, అరుణా. అలాటి కొండే నేదు."

ఇందాక అరిచినందుకు నాకు సిగ్గేసింది. పక్కన కూర్చుని ఆయన మోకాలు పడుతూ ఉండిపోయాను.

నారాయణమూర్తి గారు తనకి తోచిన దారి చెప్పారు. కాయ ఇక్కడ కొట్టి, ఒక చిప్ప దీనికి, రెండో చిప్ప తీసుకెళ్లి ఆ చిన్నమెట్టకి పెడితే సరిపోతుందన్నారు. రైతు కదా, గట్టు తగువు తీర్చినట్టే తీర్చేశారు. మావ ఆలోచించాడు గానీ ఒప్పుకోలేదు. "ఈపుకి మొక్కలేదు బాబూ, సెవులకీ మొక్కలేదు. గుర్రానికి మొక్కినాను." కాయ తువ్వాల్లోనే దిగింది.

ఆదివారం ఇంటిదారి పట్టాల్సింది. ఆమదాలవలసలో బస్సు దిగాక ఉమాశంకర్ గారు ఇంటికి వెళ్లలేదు. సంఘం మొత్తాన్నీ ఒక వ్యానెక్కించి చిన్నమెట్టకి తీసుకెళ్లారు. "మొదలుపెట్టాక సగంలో వదలకూడదు," అన్నారు. అంతేకాదు, మాకు చెప్పకుండా కూర్మమ్మత్తకి ఫోను చేసి అక్కడికే రమ్మన్నారు. కాయ కొట్టేటప్పుడు ఆవిడ ఎదురుగా ఉంటే బాగుంటుందని ఆయన ఉద్దేశం. ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది ఆ రోజు.

చిన్నమెట్ట మీద సెల్ టవరు, మేకలు, తుమ్మచెట్లు. ఎక్కడానికి పావుగంట కూడా పట్టలేదు. దూరాన్నుంచి చెవుల్లా ఉన్నవి దగ్గరికెళ్తే ఒకదానికొకటి పొంతనలేని బండలు. ఒకదాని మీద ఎవరో సిమెంటు కంపెనీ ప్రకటన రాశారు. మావ ఆ బండని అరచేత్తో తట్టి చూశాడు. కాయ బయటికి తీయలేదు.

అప్పుడే అత్త పైకొచ్చింది. చేతిలో పసుపు, కుంకుమ, అరటిపళ్లు. వెనక నవీన్. వచ్చీ రాగానే చంకలో ఉన్న కాయ చూసింది.

"ఇంకా కొట్టనేదేటి?"

మావ చెప్పాడు. పిడికిళ్లు చాపి చూపించాడు. అత్త నిలబడే విన్నది. విన్నాక పసుపూ కుంకుమా బండ మీద పెట్టి అడిగింది.

"అయితే అదెక్కడున్నట్టు?"

"సంద్రంలో నిలబడితే ఉంటాది. అక్కడ తప్ప ఎక్కడా నేదు."

"అక్కడికెల్లి కొడతానంటావు."

"ఎక్కడం ఎక్కీసినాను గదే. రెండూ ఎక్కినాను. కొట్టడమే మిగిలింది."

అత్తకి అప్పుడు అర్థమైంది. మొక్కు తీరేదాకా సముద్రం మీదికి వెళ్లకూడదని కట్టడి పెట్టింది తను. సముద్రం మీదికి వెళ్తే తప్ప మొక్కు తీరదు. ఒక్కసారిగా చతికిలపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కోపం.

"నీ మోకాలికి ఏ కొండా ఎక్కనేవనుకున్నానయ్యా! అందుకే ఎట్టినాను ఆ మాట. మొక్కూ నేదు, మన్నూ నేదు. ఆ రోజు మీ ఇద్దరికోసం ఒడ్డున కూకున్నాను సూడు, మళ్లీ నాను కూకోనేను. నా వల్ల కాదు. నువ్వు కోళ్లకి నూకలేస్తే నాకు సాలు," అని అరిచింది.

ఆ మాటకి మావ ముఖం ఎలా అయిపోయిందో నేను రాయలేను. ఏడాదిపాటు ఒడ్డున కూర్చోబెట్టింది దేవత కాదు, పెళ్లామని తెలిసింది. అయినా ఆయనకి కోపం రాలేదు. పక్కన కూర్చుని, "సెప్పొచ్చు గదే," అన్నాడు.

"సెప్తే ఆగుతావేటి?"

"ఆగను," అన్నాడు మావ.

మేమంతా మేకల్ని చూస్తున్నట్టు నటించాం. చివరికి అత్త కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "రేపు నన్నూ తీసుకెల్లు," అంది.

"వలున్న పడవ ఆడది ఎక్కకూడదే. మన కట్టుబాటు."

"వలలు ఒడ్డునే ఒదిలెయ్యి. ఏటకి కాదు గదా, మొక్కుకి. నానెట్టిన మాట, నా కళ్ల ముందరే తీరాలి."

సోమవారం నేను బడికి జ్వరమని మెసేజి పెట్టాను. పొద్దున్నే పడవ దించారు. వలలన్నీ తీసి ఒడ్డు మీద పెట్టారు. అత్తకీ నాకూ నవీన్ చీరల మీదే లైఫ్ జాకెట్లు తొడిగాడు. చేపల గంపలతో నిలబడ్డ ఆడవాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూశారు. కూర్మమ్మత్త నలభయ్యేళ్లుగా ఆ పడవ తెచ్చిన చేపలు అమ్మింది. పడవలో కాలు పెట్టడం అదే మొదలు.

అలలు దాటాం. కొండలెక్కే డ్రిల్లు టీచరు పడవ అంచు పట్టుకుని కక్కుకుంటూ వెళ్లిందని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీండి. అత్తకి మాత్రం ఏమీ కాలేదు. చుక్కాని దగ్గర నిలబడ్డ మావనే చూస్తూ కూర్చుంది. ఒడ్డున మోకాలు పట్టుకుని కుంటే మనిషి, పడవలో అటూ ఇటూ ఊగుతున్నా నిటారుగా ఉన్నాడు. ఆవిడ అతన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

సూర్యుడు మా వెనక ఉన్నాడు. ఎదురుగా కొండలమీద ఎండ పడింది. మొదట పెద్దకొండ విడిగా కనిపించింది. దానికి చాలా ఎడంగా చిన్నమెట్ట, టవరుతో సహా. మావ ఉత్తరానికి తిప్పాడు. చిన్నమెట్ట జరగడం మొదలుపెట్టింది. జరిగి జరిగి పెద్దకొండ చివరికి చేరింది, ఆనింది, అతుక్కుంది. రెండు బండలూ పైకి లేచాయి.

"తలెత్తింది," అన్నాడు మావ. నవీన్ ఇంజను ఆపేశాడు.

మాయ లేదని, రెండు వేర్వేరు కొండలని నాకు తెలుసు. రెండింటినీ ఎక్కి వచ్చాను. అయినా చేతులు వాటంతటవే దండం పెట్టాయి.

అత్త చాలాసేపు చూసింది. "ఇదా మిమ్మల్ని తెచ్చింది," అంది.

మావ తువ్వాలు విప్పి కాయ ఆవిడ చేతికిచ్చాడు. "నువ్వే కొట్టు."

అత్త కాయ ఒళ్లో పెట్టుకుంది. పసుపు రాసింది. బొట్టు పెట్టింది. ఇంకోసారి పెట్టింది. కొట్టలేదు. అది పగిలితే మావ రేపట్నుంచి మళ్లీ వేటకి వెళ్లిపోతాడు. పడవలో ఉన్న నలుగురికీ అది తెలుసు. ఎవరూ కొట్టమనలేదు.

పడవ నీటివాలుకి మెల్లగా జారుతోంది. నవీన్ కొండ వైపు చూసి, "అమ్మా, తల దించేస్తంది," అన్నాడు.

ఆవిడ తల ఎత్తి చూసింది. లంగరు ఇనుము మీద కాయ ఒక్క దెబ్బ కొట్టింది. రెండు చిప్పలయ్యింది. నీళ్లు సముద్రంలో పోసింది. ఒక చిప్ప మావ చేతిలో పెట్టింది. పెడుతూ, అతని ముఖంలోకి చూడకుండా అడిగింది.

"రేపు సద్దిలోకి ఏటి కట్టమంటావు?"